సమయోజనీయ హైడ్రైడ్ ఏ తరగతిలోకి వస్తుంది? లెక్కపెట్టి తేల్చే పద్ధతి

హైడ్రోజన్ మరో మూలకంతో ఎలక్ట్రాన్లు పంచుకుని ఏర్పరచే సమ్మేళనాలు, అంటే సమయోజనీయ హైడ్రైడ్లు, మూడు రకాలని పాఠంలో ఉంటుంది: ఎలక్ట్రాన్ కొరత ఉన్నవి, ఎలక్ట్రాన్లు ఖచ్చితంగా సరిపోయినవి, ఎలక్ట్రాన్ సమృద్ధమైనవి. 13వ గ్రూపు మొదటిది, 14వది రెండోది, 15, 16, 17 గ్రూపులు మూడోది అని విద్యార్థులు ఒక్క వాక్యంలో బట్టీ పట్టేస్తారు. మీథేన్, అమ్మోనియా, డైబోరేన్ అడిగినంత వరకు ఆ వాక్యం గట్టెక్కిస్తుంది. బోరోహైడ్రైడ్ అయాన్ (ఒక బోరాన్, నాలుగు హైడ్రోజన్లు, ఒక రుణావేశం) ఎందులోకి వస్తుందని అడగండి. డైబోరేన్‌లో, ఇథిలీన్‌లో వేలన్సీ ఎలక్ట్రాన్లు (బంధాల్లో పాల్గొనగల బయటి ఎలక్ట్రాన్లు) 12 చొప్పునే ఉన్నాయి కదా, ఒకదానికి కొరత ఉండి రెండోదానికి ఎందుకు లేదని అడగండి. అక్కడ మౌనం మొదలవుతుంది. రసాయనశాస్త్రం బోధిస్తున్నాను కనుక ఆ మౌనం నాకు బాగా తెలుసు, అది నన్ను బాధిస్తుంది కూడా. ఈ వర్గీకరణలో బట్టీ పట్టవలసింది ఏమీ లేదు. కూడిక, తీసివేత వస్తే చాలు.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయాలి. చేతిలో ఉన్న హైడ్రైడ్ అసలు సమయోజనీయమైనదేనా? సోడియం హైడ్రైడ్, కాల్షియం హైడ్రైడ్ వంటివి అయానిక పదార్థాలు. వాటిలో హైడ్రోజన్ రుణావేశంతో ఉంటుంది. వాటిని కరిగించి విద్యుత్తు పంపితే హైడ్రోజన్ ఆనోడ్ (ధన ఎలక్ట్రోడ్) దగ్గర వెలువడుతుంది. పరివర్తన లోహాల హైడ్రైడ్లలో సంఘటనమే స్థిరంగా ఉండదు. లాంథనమ్ హైడ్రైడ్‌లో ఒక్కో లాంథనమ్‌కు 2.87 హైడ్రోజన్లు అని రాసి ఉండటం చూస్తారు. ఇలాంటివాటికి ఈ మూడు తరగతులు వర్తించవు. సమయోజనీయ హైడ్రైడ్లు ప్రధానంగా ఆవర్తన పట్టికలో కుడివైపున, పి-బ్లాక్‌లో ఉంటాయి. ఎడమవైపు నుంచి వాటితో చేరేది బెరిలియం. మెగ్నీషియం గట్టు మీద కూర్చుంటుంది.

ఇక లెక్క. మధ్య పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్లు రాయండి. 13 నుంచి 17 వరకు గ్రూపు సంఖ్యలోంచి 10 తీసేస్తే ఆ సంఖ్య వస్తుంది. ప్రతి హైడ్రోజన్‌కు ఒకటి కలపండి. అయాన్ అయితే రుణావేశానికి ఒకటి కలపాలి, ధనావేశానికి ఒకటి తీసేయాలి. గాలియం, ఆర్సెనిక్ వంటి బరువైన మూలకాల దగ్గర చాలామంది తడబడతారు, లోపలి డి-ఎలక్ట్రాన్లు పదింటినీ కూడా లెక్కలోకి లాగుతారు. అవి నిండిన కర్పరంలోనివి, బంధాల్లో పాల్గొనవు. గాలియంకు మూడే, ఆర్సెనిక్‌కు ఐదే.

ఇప్పుడు రెండో పీరియడ్‌లో నాలుగు హైడ్రైడ్లకు ఈ లెక్క చేసి చూడండి. మీథేన్: నాలుగు, నాలుగు, మొత్తం ఎనిమిది. అమ్మోనియా: ఐదు, మూడు, ఎనిమిది. నీరు: ఆరు, రెండు, ఎనిమిది. హైడ్రోజన్ ఫ్లోరైడ్: ఏడు, ఒకటి, ఎనిమిది. అన్నీ ఎనిమిదే! జవాబు పత్రాల్లో "అమ్మోనియాలో ఎలక్ట్రాన్లు ఎక్కువ కాబట్టి అది సమృద్ధ హైడ్రైడ్" అన్న వాక్యం ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది. దేనికన్నా ఎక్కువ? మీథేన్ కన్నా ఒక్క ఎలక్ట్రాన్ కూడా ఎక్కువ లేదు. తేడా ఖర్చులో ఉంది. మీథేన్ ఎనిమిదింటినీ నాలుగు బంధాల్లో పెట్టింది. అమ్మోనియా ఆరు పెట్టి రెండు దాచుకుంది. నీరు నాలుగు దాచుకుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఆరు. ఇలా బంధాల్లోకి వెళ్లకుండా మిగిలినవే ఒంటరి జంటలు. కాబట్టి మొత్తం ఎంత అన్న ప్రశ్నతో ఆగకూడదు, ఎన్ని బంధాలకు పోయాయి, ఎన్ని మిగిలాయి అని కూడా అడగాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

దాన్ని ఏ అణువుకైనా పనికొచ్చేలా ఇలా రాసుకుంటాను. అణువులో ఎన్ని పరమాణువులు ఉంటే వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి ఉంచడానికి అంతకన్నా ఒకటి తక్కువ బంధాలు కావాలి. ఒక్కో బంధానికి రెండు ఎలక్ట్రాన్లు. ఇది కనీస అవసరం. ఉన్న ఎలక్ట్రాన్లలోంచి ఈ అవసరాన్ని తీసేయండి, వచ్చేది మిగులు. ఆ తర్వాత హైడ్రోజన్ కాని ప్రతి పరమాణువు దగ్గరికి వెళ్లి, ఇప్పటికి వేసిన బంధాలతో దాని చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్లు చేరాయో చూడండి. అలాంటి పరమాణువుకు సాధారణంగా చుట్టూ ఎనిమిది ఉంటే నిండినట్టు. ఎనిమిదికి ఎన్ని తక్కువో కూడితే లోటు వస్తుంది. మిగులు, లోటు: ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే తరగతి తేలిపోతుంది.

ఉన్నవి కనీస అవసరానికే చాలకపోతే కొరత, వేరే ఆలోచనే అక్కర్లేదు. మిగులు సున్నా, లోటు కూడా సున్నా అయితే ఖచ్చితంగా సరిపోయినట్టు. మిగులు ఎంతో లోటు కూడా అంతే అయితే ఆ మిగులంతా ఒంటరి జంటలుగా కూర్చుంటుంది, అది సమృద్ధ హైడ్రైడ్. మిగులు లోటులో సగం ఉంటే? అప్పుడు ఆ ఎలక్ట్రాన్లను ఇద్దరు పంచుకోవాలి. పంచుకున్న జంట రెండు పరమాణువుల ఖాతాలోనూ పడుతుంది కనుక సగంతోనే లోటు తీరుతుంది. అంటే ద్విబంధమో, త్రిబంధమో, వలయమో ఏర్పడుతుంది. ఒంటరి జంట మిగలదు. ఇదీ ఖచ్చిత తరగతే. మిగులు సగానికన్నా తక్కువైతే ఎలా పంచుకున్నా లోటు తీరదు, కొరత.

చేసి చూద్దాం. అమ్మోనియాలో నాలుగు పరమాణువులు, మూడు బంధాలు, అవసరం 6. ఉన్నవి 8, మిగులు 2. నైట్రోజన్ చుట్టూ 6 ఉన్నాయి, లోటు 2. రెండూ సమానం: ఒక ఒంటరి జంట, సమృద్ధం. హైడ్రజీన్‌లో రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు. ఉన్నవి 14, ఆరు పరమాణువులకు ఐదు బంధాలు, అవసరం 10, మిగులు 4. ఒక్కో నైట్రోజన్‌కు మూడు బంధాలు కనుక లోటు రెండేసి, మొత్తం 4. సమృద్ధం, నైట్రోజన్‌కు ఒక జంట చొప్పున. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనూ ఉన్నవి 14, కానీ అవసరం 6, మిగులు 8, అంటే నాలుగు ఒంటరి జంటలు. ఈథేన్‌లోనూ ఉన్నవి 14. ఎనిమిది పరమాణువులకు ఏడు బంధాలు, అవసరం కూడా 14, మిగులు సున్నా, లోటు సున్నా. మూడు అణువులకూ మొత్తం ఒకటే, కథలు మాత్రం మూడు.

ఇప్పుడు బోరాన్ దగ్గరికి వద్దాం, ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఒక బోరాన్, మూడు హైడ్రోజన్లు ఉన్న బోరేన్‌ను తీసుకోండి. ఉన్నవి 6, మూడు బంధాలకు అవసరం 6. మిగులు సున్నా. సరిపోయింది కదా, ఖచ్చితమే కదా అని ఇక్కడ ఆగిపోయేవారున్నారు. లోటు చూడండి: బోరాన్ చుట్టూ ఆరే ఉన్నాయి, ఎనిమిదికి రెండు తక్కువ. ఆ రెండూ తెచ్చిపెట్టడానికి చేతిలో ఏమీ లేదు. కొరత. బంధాలకు చాలినా పరమాణువుకు చాలలేదు. అందుకే ఈ అణువు ఒంటరిగా నిలవదు, తనలాంటి దానితోనే జతకట్టి డైబోరేన్ అవుతుంది.

జతకట్టినంత మాత్రాన కొరత తీరిందా? రెండు ఆరులు పన్నెండు. ఎనిమిది పరమాణువులను కలపడానికి కనీసం 14 కావాలి. రెండు తక్కువ. ఈథేన్‌ను గీసినట్టు డైబోరేన్‌ను గీస్తే ఎక్కడో ఒక బంధానికి ఎలక్ట్రాన్లు ఉండవు. జర్మన్ రసాయనవేత్త ఆల్ఫ్రెడ్ స్టాక్ 1912 నుంచి బోరాన్ హైడ్రైడ్లను గాలి తగలని గాజు పరికరాల్లో తయారుచేస్తూ వచ్చాడు. అణువులో ఎన్ని పరమాణువులున్నాయో తెలిసింది, అవి ఎలా అతుక్కుని ఉన్నాయో మాత్రం అంతు చిక్కలేదు. 1943లో లాంగెట్-హిగ్గిన్స్, తన అధ్యాపకుడు బెల్‌తో కలిసి వంతెన నిర్మాణాన్ని సమర్థిస్తూ పత్రం ప్రచురించాడు. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకా డిగ్రీ విద్యార్థి. ఈ సంగతి నా విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. వాళ్ల వయసువాడే ఆ లెక్క ముందు కూర్చుని, ఆ రెండు ఎలక్ట్రాన్లు లేకుండా అణువు ఎలా నిలబడిందని పట్టుదలగా ఆలోచించాడు.

ఆ నిర్మాణాన్ని నెమ్మదిగా గీయండి, తొందరపడితే అందం కనబడదు. రెండు బోరాన్లు, ఒక్కోదానికి బయటివైపు రెండేసి హైడ్రోజన్లు. ఇవి మామూలు బంధాలు, నాలుగు బంధాలకు 8 ఎలక్ట్రాన్లు పోయాయి. మిగిలినవి 4. మిగిలిన హైడ్రోజన్లు రెండు. ఒకటి బోరాన్ల మధ్య పైన, ఒకటి కింద. ఒక్కో హైడ్రోజన్ రెండు బోరాన్లనూ పట్టుకుని ఉంటుంది, ఆ ముగ్గురికీ కలిపి రెండే ఎలక్ట్రాన్లు. దీన్నే మూడు కేంద్రాలు, రెండు ఎలక్ట్రాన్ల బంధం అంటాం. ఒక్కో బోరాన్ చుట్టూ ఇప్పుడు లెక్కపెట్టండి: బయటి బంధాల నుంచి 4, వంతెనల నుంచి 4, మొత్తం 8. పన్నెండు ఎలక్ట్రాన్లతోనే రెండు బోరాన్లకూ ఎనిమిదేసి అందాయి. దీనికి చెల్లించిన మూల్యం పొడవులో కనిపిస్తుంది. బయటి బోరాన్-హైడ్రోజన్ దూరం దాదాపు 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లు, వంతెన దగ్గర దాదాపు 1.33. రెండు ఎలక్ట్రాన్లను ముగ్గురు పంచుకుంటే పట్టు సడలుతుంది మరి. బయటి హైడ్రోజన్లు నాలుగూ బోరాన్లతో ఒకే తలంలో ఉంటాయి, వంతెన హైడ్రోజన్లు ఆ తలానికి పైనా కిందా ఉంటాయి. బోరేన్ల నిర్మాణం మీద చేసిన కృషికే విలియం లిప్స్‌కూంబ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండు ఎలక్ట్రాన్ల లోటు నుంచి మొదలైన ప్రశ్న అంత దూరం వెళ్లింది.

మొదట అడిగిన ఇథిలీన్ ప్రశ్నకు జవాబు ఇప్పుడు సులువు. ఉన్నవి 12. పరమాణువులు ఆరే, బంధాలు ఐదు, అవసరం 10, మిగులు 2. ఒక్కో కార్బన్‌కు లోటు రెండు, మొత్తం 4. మిగులు లోటులో సరిగ్గా సగం, కాబట్టి ద్విబంధం, కాబట్టి ఖచ్చితం. డైబోరేన్‌లోనూ 12 ఉన్నా అవి ఆరింటిని కాక ఎనిమిదింటిని కలపాలి. ఇంకా లోతుగా చూస్తే రెండింటి బంధుత్వం బయటపడుతుంది. ఇథిలీన్‌లో ఒక్కో కార్బన్ కేంద్రకం నుంచి ఒక ప్రోటాన్‌ను బయటికి తీసి, ద్విబంధపు ఎలక్ట్రాన్ మేఘంలో పైనొకటి, కిందొకటి పెట్టామని ఊహించండి. కార్బన్ బోరాన్ అయింది, బయటికొచ్చిన ప్రోటాన్లు వంతెన హైడ్రోజన్లయ్యాయి. అదే డైబోరేన్. ఎలక్ట్రాన్ల సంఖ్య మారలేదు, కలపవలసిన కేంద్రకాల సంఖ్య మారింది.

మిగులు, లోటు లెక్క వలయం దగ్గర కూడా చక్కగా పనిచేస్తుంది. మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు: ఉన్నవి 18, అవసరం 16, మిగులు 2, లోటు 4. ఆ రెండింటితో ద్విబంధం పెడితే ప్రొపీన్, గొలుసు చివరలను కలిపితే సైక్లోప్రొపేన్. రెండూ ఖచ్చితమైనవే.

అయాన్లు త్వరగా తేలిపోతాయి. బోరోహైడ్రైడ్ అయాన్‌లో మూడు, నాలుగు, ఆవేశానికి ఒకటి: 8. నాలుగు బంధాలకు అన్నీ సరిపోయాయి, ఖచ్చితం. అమ్మోనియం అయాన్‌లో ఐదు, నాలుగు, ఒకటి తీసివేత: ఇదీ ఖచ్చితమే. ఈ రెండూ మీథేన్‌తో కలిపి మూడూ ఒకే ఎలక్ట్రాన్ లెక్క ఉన్న చతుర్ముఖీయ నిర్మాణాలు. చూశారా, బోరాన్ ఉన్నంత మాత్రాన కొరత కాదు, నైట్రోజన్ ఉన్నంత మాత్రాన సమృద్ధం కాదు. గ్రూపు సంఖ్యను బట్టీ పట్టినవారు సరిగ్గా ఇక్కడే పడిపోతారు. హైడ్రోనియం అయాన్‌లో (ఒక ఆక్సిజన్, మూడు హైడ్రోజన్లు, ఒక ధనావేశం) 8 ఉన్నాయి, మూడు బంధాలకు 6 పోగా ఒక జంట మిగిలింది. సమృద్ధం.

బోరేన్‌కు అమ్మోనియాను కలిపిన అమ్మోనియా బోరేన్ నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. కొరత ఉన్నదాని దగ్గర ఖాళీ ఉంది, సమృద్ధమైనదాని దగ్గర జంట ఉంది. జంట వచ్చి ఖాళీలో కూర్చుంది. ఉన్నవి 14, ఎనిమిది పరమాణువులకు అవసరం 14, లోటు సున్నా. ఖచ్చితం. లెక్క ప్రకారం ఇది అచ్చంగా ఈథేన్. అయినా ఈథేన్ మైనస్ 89 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోయే వాయువు, అమ్మోనియా బోరేన్ గది ఉష్ణోగ్రత దగ్గర ఘనపదార్థం. జంటను ఇచ్చినది నైట్రోజన్, పుచ్చుకున్నది బోరాన్, అందువల్ల అణువులో ఆవేశం ఒకవైపుకు ఒరిగి ఉంటుంది, అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. తరగతి ఒకటే అయినంత మాత్రాన స్వభావం ఒకటే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి జంట నాకు కనబడలేదు.

తరగతి తేలాక దాన్నుంచి ఎంత ఊహించవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది కూడా నేర్చుకోవాలి. కొరత ఉన్నది జంట కోసం చూస్తుంది, అంటే లూయీ ఆమ్లంగా ప్రవర్తిస్తుంది. ఇచ్చేవారు దొరకకపోతే తనవారితోనే వంతెనలు కట్టుకుంటుంది. బోరాన్ ఇద్దరితో ఆగింది. ఘన అల్యూమినియం హైడ్రైడ్‌లో ఒక్కో అల్యూమినియం చుట్టూ ఆరు హైడ్రోజన్లు చేరతాయి, ప్రతి హైడ్రోజన్ రెండు అల్యూమినియంల మధ్య వంతెన. ఘన బెరిలియం హైడ్రైడ్‌లో బెరిలియం చుట్టూ నాలుగు, అవి కూడా వంతెనలే. బెరిలియానికి లెక్క వేసి చూడండి: ఒంటరి అణువులో ఉన్నవి 4, అవసరం 4, లోటు 4. బోరాన్‌కన్నా పెద్ద లోటు.

ఖచ్చితమైనది అంటే స్థిరమైనది అని అర్థం చేసుకోవద్దు. మీథేన్‌కు నిప్పు అంటిస్తే తప్ప గాలిలో ఏమీ కాదు. సైలేన్ (ఒక సిలికాన్, నాలుగు హైడ్రోజన్లు) గాలి తగిలితేనే అంటుకుంటుంది. రెండింటికీ లెక్క ఒకటే, 8కి 8. సిలికాన్ పరమాణువు పెద్దది, దాడి చేసే అణువుకు చోటిస్తుంది. పైగా సిలికాన్-హైడ్రోజన్ బంధంలో ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ వైపు ఒరుగుతాయి, కార్బన్-హైడ్రోజన్ బంధంలో కార్బన్ వైపు. ఇవేవీ ఎలక్ట్రాన్ల లెక్కలో కనబడవు.

సమృద్ధమైనవాటి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒంటరి జంట ఉందని తరగతి చెబుతుంది, దాన్ని ఎంత ఇష్టంగా ఇస్తుందో చెప్పదు. అమ్మోనియా మంచి క్షారం, ఫాస్ఫీన్ (ఒక ఫాస్ఫరస్, మూడు హైడ్రోజన్లు) చాలా బలహీనం. హైడ్రోజన్ క్లోరైడ్‌కు మూడు జంటలున్నాయి, అయినా నీటిలో అది బలమైన ఆమ్లం. హైడ్రోజన్ బంధాల విషయమూ అంతే: నీటికి, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు రెండేసి జంటలు, కానీ ఒకటి 100 డిగ్రీల దగ్గర మరిగితే మరొకటి మైనస్ 60 దగ్గరే మరుగుతుంది. సల్ఫర్ రుణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి, చాలదు. నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల మధ్య మాత్రం జంటల సంఖ్య గొప్పగా ఉపయోగపడుతుంది. అమ్మోనియాకు ఇవ్వడానికి హైడ్రోజన్లు మూడు, పుచ్చుకోవడానికి జంట ఒకటే. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు జంటలు మూడు, హైడ్రోజన్ ఒకటే. నీటికి రెండూ రెండేసి, ఏదీ వృథా కాదు, ఒక్కో అణువు నాలుగు హైడ్రోజన్ బంధాల వరకు కట్టుకోగలదు. ఈ మూడింటి మరుగు ఉష్ణోగ్రతలు వరుసగా మైనస్ 33, 19.5, 100 డిగ్రీలుగా ఉండటానికి ఈ పొందిక ఒక పెద్ద కారణం.

చివరగా, జవాబు ఎలా రాయాలో పెంటాబోరేన్‌తో చూపిస్తాను. ఐదు బోరాన్లు, తొమ్మిది హైడ్రోజన్లు ఉన్నది తీసుకుందాం. మొదటి వరుసలో ఉన్నవి: ఐదు మూడులు 15, తొమ్మిది కలిపితే 24. రెండో వరుసలో అవసరం: 14 పరమాణువులకు 13 బంధాలు, 26. మూడో వరుసలో తీర్పు: రెండు తక్కువ, కొరత, కాబట్టి ఇందులో బహుకేంద్ర బంధాలు ఉండి తీరాలి. ఈ మూడు వరుసలూ కాగితం మీద ఉంటే గ్రూపు పేరు రాయకపోయినా నేను పూర్తి మార్కులు వేస్తాను. గ్రూపు పేరు ఒక్కటే రాసి వదిలేస్తే మాత్రం సగమే.